పీఏగా తొలి ఉద్యోగం: ఆఫర్ మీద సంతకం పెట్టే ముందు

నేను అమెరికాలో పీఏని, అంటే ఫిజిషియన్ అసిస్టెంట్‌ని: డాక్టర్‌తో కలిసి పనిచేస్తూ పేషెంట్లను చూసి వైద్యం చేసే ఉద్యోగం. బోర్డు పరీక్ష పాసైన రెండు వారాలకు నాకు మొదటి ఆఫర్ వచ్చింది. అర్జెంట్ కేర్ క్లినిక్, పద్నాలుగు పేజీల కాంట్రాక్టు. మొదటి పేజీలో జీతం చూశాను, నెలనెలా లోన్ వాయిదా ఎంతో మనసులోనే లెక్కేసుకున్నాను, చివరి పేజీకి వెళ్లి సంతకం పెట్టేశాను. మధ్యలో ఇంకో పన్నెండు పేజీలున్నాయని మూడో వారంలో గుర్తొచ్చింది.

ఆ రోజు శనివారం సాయంత్రం. డెబ్భై ఒక్కేళ్ల పెద్దాయన ఎడమ డొక్కలో నొప్పి అంటూ వచ్చారు. కిడ్నీలో రాయి అయి ఉంటుందని ఆయనే చెప్పారు. కానీ ఆ వయసులో అలాంటి నొప్పి జీవితంలో మొదటిసారి వచ్చిందంటే, పొట్టలోని పెద్ద రక్తనాళం ఉబ్బి చిట్లుతోందేమోనని ముందు అనుమానించాలని చదువుకున్నాం. క్లినిక్‌లో సీటీ స్కాన్ లేదు. సూపర్‌వైజింగ్ డాక్టర్‌కు వెంటవెంటనే మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ వాయిస్ మెయిలే. అంబులెన్స్ పిలిపించి ఆయన్ని ఎమర్జెన్సీకి పంపాను. చివరికి రాయేనని తేలింది, ఆయన క్షేమంగా ఇంటికి వెళ్లారు. కానీ అంబులెన్స్ వచ్చి వెళ్లేదాకా ఆ గదిలో నేను పడ్డ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు. ఇంటికొచ్చి కాంట్రాక్టు తీసి చూస్తే ఆరో పేజీలో "డాక్టర్ ఫోన్‌లో అందుబాటులో ఉంటారు" అని ఒక్క ముక్క ఉంది. ఎంతసేపట్లో పలకాలి, ఆయన ఎత్తకపోతే ఎవరికి చెయ్యాలి అన్నది ఎక్కడా లేదు.

అందుకే అమెరికాలో ఫిజిషియన్ అసిస్టెంట్‌గా మొదటి ఉద్యోగం వెతుక్కుంటున్న ఎవరడిగినా నేను ఒకటే చెబుతాను. ముందు పక్కన ఎవరుంటారో చూడండి, తర్వాత పని ఎంతో చూడండి, ఆ తర్వాతే డబ్బు. జీతం తక్కువైతే రెండో ఉద్యోగంలో సరిచేసుకోవచ్చు. మొదటి ఏడాది నేర్పేవాళ్లు లేకపోతే ఆ లోటు చాలాకాలం వెంటాడుతుంది. కింది అడుగులు కూడా ఆ వరసలోనే ఉన్నాయి.

మొదటి అడుగు: టైమ్ అడగండి, మొత్తం కాగితాలు తెప్పించుకోండి

ఆఫర్ లెటర్ వేరు, కాంట్రాక్టు వేరు. లెటర్ ఒకటి రెండు పేజీలుంటుంది. జీతం, చేరే తేదీ, సెలవులు మాత్రమే అందులో ఉంటాయి. మిమ్మల్ని కట్టిపడేసే షరతులన్నీ కాంట్రాక్టులో ఉంటాయి. లెటర్ మీద సంతకం పెడితేనే కాంట్రాక్టు పంపిస్తామంటే ఒప్పుకోకండి. "ఆఫర్‌కు చాలా సంతోషం, పూర్తి కాంట్రాక్టు, బెనిఫిట్ల వివరాలు పంపిస్తే వారం రోజుల్లో జవాబిస్తాను" అని మెయిల్ పెట్టండి. ఇది ఎవరికీ తప్పుగా అనిపించదు. రేపటికల్లా సంతకం కావాలని ఒత్తిడి చేసేచోట, చేరిన తర్వాత కూడా మీ మాటకు అంతే విలువ ఉంటుంది.

ఈ దశలోనే చేరే తేదీ గురించి కూడా అడగండి. రాష్ట్ర లైసెన్సు, డీఈఏ రిజిస్ట్రేషన్ (నియంత్రిత మందులు రాయడానికి కావాల్సిన ఫెడరల్ అనుమతి), హాస్పిటల్ క్రెడెన్షియలింగ్ (అర్హతల తనిఖీ), ఇన్సూరెన్స్ కంపెనీల్లో పేరు నమోదు, ఇవన్నీ పూర్తయ్యేసరికి మూడు నాలుగు నెలలు పట్టడం మామూలే. ఏదైనా ఒకటి ఆలస్యమైతే చేరే తేదీ జరిగిపోతుందా, లేక ట్రైనింగ్‌లో పెట్టి జీతం ఇస్తారా? చదువు అయిపోయి, లోన్ గ్రేస్ పీరియడ్ ఆరు నెలలూ కరిగిపోతున్న సమయంలో ఈ ప్రశ్న చిన్నది కాదు.

రెండో అడుగు: మీ పక్కన ఎవరుంటారు?

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. డాక్టర్‌తో పీఏకు ఉండాల్సిన సంబంధం మీద ఒక్కో రాష్ట్రానిది ఒక్కో చట్టం. కొన్నిచోట్ల సూపర్‌విజన్ అంటారు, కొన్నిచోట్ల కొలాబరేషన్ అంటారు. కొన్నిచోట్ల రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి, కొన్నిచోట్ల ఆ షరతును సడలించారు. చట్టం ఎంత సడలించినా, స్కూల్ నుంచి నిన్న మొన్న బయటికొచ్చిన మనిషికి కావలసినది చట్టం అడిగేదానికన్నా ఎక్కువ. కాబట్టి చట్టప్రకారం సరిపోతుందనే జవాబుతో సరిపెట్టుకోకండి.

ఇంటర్వ్యూలో "సపోర్ట్ ఎలా ఉంటుంది?" అని అడిగితే అందరూ "చాలా బాగుంటుంది" అనే చెబుతారు. ప్రశ్న సూటిగా ఉండాలి. మంగళవారం మధ్యాహ్నం మూడింటికి నాకు డౌటొస్తే నేను ఎవరి గది తలుపు తట్టాలి? ఆ డాక్టర్ సెలవులో ఉంటే ఎవరు? ఆ డాక్టర్ ఇప్పటికే ఎంతమంది పీఏలను, నర్స్ ప్రాక్టీషనర్లను చూస్తున్నారు? మొదటి మూడు నెలలు నా చార్టులు (పేషెంట్ల గురించి నేను రాసే నోట్సు) ఎవరు చదివి చెబుతారు? ఈ ప్రశ్నలు మేనేజర్‌ను కాకుండా ఆ డాక్టర్‌నే నేరుగా అడిగితే ఇంకా మంచిది. ఆయన తడుముకోకుండా పేర్లు, రోజులు, గంటలు చెప్పగలిగితే అక్కడ ఒక పద్ధతి ఉన్నట్టు. "మీకేం పర్లేదు, తొందరగా నేర్చేసుకుంటారు" అని భుజం తట్టి ఊరుకుంటే పద్ధతి లేనట్టు.

తర్వాత రాంప్-అప్. అంటే మొదట తక్కువమంది పేషెంట్లతో మొదలుపెట్టి మెల్లగా పెంచడం. నా దృష్టిలో ఔట్‌పేషెంట్ క్లినిక్‌లో న్యాయమైన లెక్క ఇది: మొదటి రెండు వారాలు పక్కన కూర్చుని చూడడం, మొదటి నెల చివరికి రోజుకు ఆరు నుంచి ఎనిమిది మంది, మూడో నెలకు పది పన్నెండు, ఆరు నెలలకు పదహారు. స్పెషాలిటీని బట్టి ఇది మారుతుంది; సర్జరీలోనో ఐసీయూలోనో లెక్క పూర్తిగా వేరు. అంకె ఏదైనా అది కాగితం మీద ఉండాలి. నోటి మాటగా ఒప్పుకున్న రాంప్-అప్, ఒక ప్రొవైడర్ (డాక్టరో పీఏనో) మానేసిన మర్నాడే నీటి మూట అయిపోతుంది. పేషెంట్ల లిస్టు అలాగే ఉంటుంది, చూసే చేతులే తగ్గుతాయి, ఆ భారం కొత్తగా వచ్చినవాళ్ల మీద పడుతుంది.

ఒక రోజు షాడోయింగ్‌కు, అంటే పక్కనే ఉండి పని గమనించడానికి, రమ్మంటారా అని అడగండి. వెళ్లిన రోజు డాక్టర్‌ను మాత్రమే గమనించకండి. పీఏ ఎవరైనా కారిడార్‌లో డాక్టర్‌ను ఆపి ఏదో అడిగినప్పుడు ఆయన మొహం ఎలా పెట్టారో చూడండి. మధ్యాహ్నం భోజనం టైమ్‌లో ఎంతమంది ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో చార్టింగ్ చేస్తున్నారో చూడండి. వీలుచూసుకుని అక్కడి పీఏతో పది నిమిషాలు విడిగా మాట్లాడండి. అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న: ఈ ఖాళీ ఎలా వచ్చింది? క్లినిక్ పెరిగి కొత్త పోస్టు వేశారా, లేక ఎవరైనా మానేశారా? మానేస్తే ఎన్నాళ్లు చేసి మానేశారు? రెండేళ్లలో ముగ్గురు వెళ్లిపోయారంటే, జీతం ఎంత ఊరించినా మళ్లీ ఆలోచించండి.

మొదటి ఉద్యోగంలోనే ఒంటరిగా క్లినిక్ నడపమనే ఆఫర్లను మాత్రం నేను నిర్మొహమాటంగా వద్దంటాను. అలాంటివాటిలో జీతం ఎందుకు ఎక్కువో ఇప్పుడు నాకు తెలుసు.

మూడో అడుగు: రోజు ఎలా గడుస్తుందో లెక్కగట్టండి

రోజుకు ఎంతమంది, ఒక్కొక్కరికి ఎన్ని నిమిషాలు, కొత్త పేషెంట్‌కు ఎక్కువ టైమ్ ఉందా, డబుల్ బుకింగ్ చేస్తారా, ఒక్కో ప్రొవైడర్‌కు ఒక మెడికల్ అసిస్టెంట్ ఉంటారా లేక ఇద్దరికి ఒకరా? వీటికి అంకెలతో జవాబు రాబట్టండి.

కొత్తవాళ్లు అడగడం మర్చిపోయేది ఇన్‌బాక్స్ గురించి. ల్యాబ్ రిపోర్టులు, రీఫిల్ రిక్వెస్టులు, పోర్టల్‌లో పేషెంట్ల మెసేజ్‌లు, ప్రయర్ ఆథరైజేషన్లు (ఇన్సూరెన్స్ కంపెనీల ముందస్తు అనుమతులు), ఇవన్నీ షెడ్యూల్‌లో ఎక్కడా కనిపించవు. కానీ రోజూ గంటో గంటన్నరో తినేస్తాయి. దీనికోసం వారంలో కనీసం ఒక పూట పేషెంట్లు లేకుండా ఇస్తారా? సెలవులో ఉన్నప్పుడు మీ ఇన్‌బాక్స్ ఎవరు చూస్తారు? ఆ పూట ఇవ్వకపోతే ఆ పని ఇంట్లో, రాత్రి భోజనం తర్వాత చేస్తారన్నమాట. ఆన్ కాల్ ఉంటే నెలకు ఎన్ని రోజులు, దానికి విడిగా డబ్బు ఇస్తారా, వేరే ఊళ్లోని బ్రాంచీలకు పంపే హక్కు వాళ్లకు ఉందా అన్నవి కూడా చూడండి.

నాలుగో అడుగు: జీతాన్ని గంటల్లోకి మార్చండి

అమెరికా కార్మిక గణాంకాల బ్యూరో లెక్క ప్రకారం 2024 మేలో పీఏల మధ్యస్థ వార్షిక వేతనం 1,33,260 డాలర్లు. అందులో ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లూ ఉన్నారు, కాబట్టి కొత్తవాళ్లకు దానికన్నా తక్కువ రావడం సహజం. పీఏల జాతీయ సంఘం ఏఏపీఏ ఏటా వేసే శాలరీ రిపోర్టులో రాష్ట్రం, స్పెషాలిటీ, అనుభవం ప్రకారం వివరాలు ఉంటాయి. మీ ఆఫర్‌ను పోల్చాల్సింది దానితో.

అయితే అసలు కొలత గంటకు ఎంత అన్నది. ఒక లెక్క వేద్దాం. మొదటి ఆఫర్ 1,28,000 డాలర్లు. క్లినిక్, ఇంట్లో చార్టింగ్ కలిపి వారానికి 52 గంటలు. సెలవులన్నీ కలిపి మూడు వారాలు. హెల్త్ ఇన్సూరెన్స్‌కు మీ వాటా నెలకు 450 డాలర్లు, రిటైర్మెంట్ ఖాతాలో యాజమాన్యం వేసేది ఏమీ లేదు. రెండో ఆఫర్ 1,16,000. వారానికి 42 గంటలు, సెలవులు, సీఎంఈ (వృత్తిలో కొనసాగుతూ చదివే వైద్య విద్య) రోజులు కలిపి ఆరు వారాలు. ఇన్సూరెన్స్ వాటా 150, రిటైర్మెంట్‌కు యాజమాన్యం 5 శాతం కలుపుతుంది.

మొదటిదాంట్లో ఏడాదికి ఇన్సూరెన్స్ 5,400 పోగా 1,22,600 మిగులుతుంది. పనిగంటలు 49 వారాలకు 2,548. గంటకు సుమారు 48 డాలర్లు. రెండోదాంట్లో 5,800 కలిపి 1,800 తీసేస్తే 1,20,000. పనిగంటలు 46 వారాలకు 1,932. గంటకు సుమారు 62. పైకి 12,000 తేడా కనిపించింది, లోపల 2,600కి దిగింది. ఆ 2,600 కోసం మీరు ఏడాదిలో 616 గంటలు ఎక్కువ పనిచేస్తారు. రెండో క్లినిక్ లెక్కలో అది దాదాపు పదిహేను వారాల పని. ఈ లెక్క మీ ఆఫర్లతో కాగితం మీద వేసుకోండి, పది నిమిషాల పని.

1099 మీద, అంటే ఉద్యోగిగా కాకుండా స్వతంత్ర కాంట్రాక్టర్‌గా, తీసుకుంటామంటే లెక్క మళ్లీ మారుతుంది. డబ్ల్యూ-2 (మామూలు జీతం మీద ఉన్న) ఉద్యోగికి సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పెన్షన్), మెడికేర్ (వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) పన్నులో సగం, అంటే 7.65 శాతం యాజమాన్యం కడుతుంది. 1099లో రెండు వాటాలూ మీవే, 15.3 శాతం. ఇన్సూరెన్సూ సెలవులూ కూడా మీ జేబులోంచే. మొదటి ఉద్యోగానికి నేనైతే దీని జోలికి వెళ్లను.

బోనస్ విషయానికొద్దాం. "ప్రొడక్టివిటీ బోనస్‌తో కలిపి ఇంత వస్తుంది" అని ఊరిస్తే, గత ఏడాది అక్కడి పీఏల్లో ఎంతమందికి అది నిజంగా వచ్చిందో అడగండి. చాలాచోట్ల దీన్ని ఒక్కో విజిట్‌కు పని బరువును బట్టి ఇచ్చే పాయింట్లతో, అంటే వర్క్ ఆర్‌వీయూలతో కొలుస్తారు. పాత పేషెంట్ మామూలు విజిట్, అంటే 99213 బిల్లింగ్ కోడ్‌కు 1.30 వస్తుంది, కాస్త క్లిష్టమైన 99214కు 1.92. రోజుకు ఇరవై మందిని చూసి, అందులో పన్నెండు మొదటి రకం, ఎనిమిది రెండో రకం అయితే రోజుకు 31 దాకా వస్తాయి. బోనస్ ఎన్ని ఆర్‌వీయూలు దాటాక మొదలవుతుందో చూసి, రాంప్-అప్ కాలంలో మీరు చూసే ఎనిమిది పది మందితో వచ్చే లెక్కను దానితో పోలిస్తే, మొదటి ఏడాది బోనస్ మీద ఎంత ఆశ పెట్టుకోవచ్చో తెలిసిపోతుంది.

ఇక్కడే ఇంకో కిటుకు ఉంది, నాకు రెండో ఉద్యోగం దాకా తెలియలేదు. మెడికేర్ పీఏ పేరు మీద బిల్లు చేస్తే డాక్టర్ రేటులో 85 శాతం ఇస్తుంది. కొన్ని షరతులకు లోబడి "ఇన్సిడెంట్ టు" పద్ధతిలో డాక్టర్ పేరు మీద బిల్లు చేస్తే 100 శాతం వస్తుంది. అందుకని చాలా క్లినిక్‌లు వీలైనన్ని విజిట్లు డాక్టర్ పేరు మీదే పంపుతాయి. పేషెంట్‌ను చూసింది మీరు, లెక్కలో కనిపించేది డాక్టర్. మీ బోనస్ బిల్లుల మీద ఆధారపడి ఉంటే ఆ పని మీ ఖాతాలో పడదు. "ఇన్సిడెంట్ టు విజిట్లు నా లెక్కలోకి వస్తాయా?" అని అడిగి, జవాబును కాంట్రాక్టులో రాయించుకోండి.

ఐదో అడుగు: మాల్‌ప్రాక్టీస్ ఇన్సూరెన్స్ ఏ రకం?

వైద్యంలో పొరపాటు జరిగిందని పేషెంట్ కేసు వేస్తే కాపాడే ఇన్సూరెన్స్ ఇది. రెండు రకాలు. అకరెన్స్ పాలసీ అయితే, సంఘటన జరిగిన రోజు పాలసీ ఉంటే చాలు, కేసు ఎప్పుడు వేసినా కవరేజీ ఉంటుంది. క్లెయిమ్స్-మేడ్ అయితే, కేసు వేసే రోజుకు కూడా పాలసీ నడుస్తూ ఉండాలి. మీరు మార్చిలో చూసిన పేషెంట్ రెండేళ్ల తర్వాత కేసు వేశారనుకోండి. ఈలోగా మీరు ఉద్యోగం మారి, పాత పాలసీ ఆగిపోయింది. అప్పుడు మిమ్మల్ని కాపాడేది టెయిల్ కవరేజీ, అంటే పాలసీ ఆగిపోయాక వచ్చే కేసులకు వర్తించే అదనపు కవరేజీ. దాని ఖరీదు సాధారణంగా ఏడాది ప్రీమియం కన్నా ఎక్కువే, తరచుగా ఒకటిన్నర రెండు రెట్లు. క్లెయిమ్స్-మేడ్ పాలసీ ఉన్నచోట, ఉద్యోగం ఏ కారణంతో ముగిసినా టెయిల్ యాజమాన్యమే కడుతుందని రాసి ఉండాలి. "మీరు రాజీనామా చేస్తే మీరే కట్టుకోవాలి" అని ఉంటే, బేరమాడాల్సిన వాటిలో అది మొదటిది. కవరేజీ ఒక్కో కేసుకు 10 లక్షల డాలర్లు, ఏడాది మొత్తానికి 30 లక్షలు ఉండడం చాలాచోట్ల మామూలు. ఆ పరిమితి మీ ఒక్కరిదా, క్లినిక్ అంతా కలిసి పంచుకునేదా అన్నది కూడా చూడండి.

ఆరో అడుగు: బయటికి వెళ్లే దారి

చేరకముందే మానేయడం గురించి ఆలోచించడం అపశకునంలా అనిపించవచ్చు. అయినా చదవండి, చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

కారణం చెప్పకుండా ఏ పక్షమైనా ఒప్పందం రద్దు చేసుకునే క్లాజులో నోటీసు ఎన్ని రోజులు? అరవై నుంచి తొంభై సాధారణం. రెండు పక్షాలకూ ఒకే అంకె ఉండాలి. మీరు 120 రోజులు ఇవ్వాలి, వాళ్లు 30 ఇస్తే చాలంటే మార్చమనండి.

నాన్-కంపీట్ అంటే ఉద్యోగం వదిలాక ఇంత దూరంలో, ఇంతకాలం వేరేచోట పనిచేయకూడదన్న షరతు. కాలిఫోర్నియా, నార్త్ డకోటా, ఓక్లహోమాల్లో ఉద్యోగుల మీద ఇది చాలావరకు చెల్లదు. మిన్నెసోటాలో 2023 జులై 1 నుంచి చేసుకునే ఒప్పందాల్లో చెల్లదు. దేశమంతా నిషేధిస్తూ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 ఏప్రిల్‌లో తెచ్చిన నిబంధనను అదే ఏడాది ఆగస్టులో టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టు కొట్టేసింది, 2025 సెప్టెంబర్‌లో కమిషన్ తన అప్పీలును కూడా వెనక్కి తీసుకుంది. కాబట్టి "అది రద్దయిపోయిందిగా" అని ఎవరైనా అంటే నమ్మకండి, మీ రాష్ట్ర చట్టం చూడండి. మైళ్లు ఎక్కడి నుంచి కొలుస్తారో ముఖ్యం. "మా ఏ బ్రాంచి నుంచైనా 15 మైళ్లు" అని ఉండి, వాళ్లకు ఊరంతా ఇరవై బ్రాంచీలుంటే, ఉద్యోగం మారాలంటే ఇల్లే మారాలి.

సైన్-ఆన్ బోనస్‌కు (చేరినందుకు ఇచ్చే డబ్బుకు) కూడా ఇక్కడే ముడి ఉంటుంది. 10,000 డాలర్ల బోనస్‌లో 22 శాతం ఫెడరల్ విత్‌హోల్డింగ్, 7.65 శాతం పేరోల్ పన్నులు పోతే చేతికి 7,035 వస్తాయి. రాష్ట్ర పన్ను ఉంటే ఇంకా తక్కువ. రెండేళ్లలోపు మానేస్తే మొత్తం 10,000 తిరిగి కట్టాలని రాస్తారు. పనిచేసిన నెలలను బట్టి తగ్గుతూ పోయేలా, వాళ్లే తీసేస్తే కట్టనక్కర్లేకుండా మార్చమని అడగండి. సాధారణంగా ఒప్పుకుంటారు.

ఏడో అడుగు: మిగతా లెక్కలు

డీఈఏ ఫీజు మూడేళ్లకు 888 డాలర్లు. దాంతోపాటు రాష్ట్ర లైసెన్సు, పీఏలకు దేశవ్యాప్తంగా సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ అయిన ఎన్‌సీసీపీఏ సర్టిఫికేషన్ రెన్యువల్ ఎవరు కడతారో రాసి ఉండాలి. సర్టిఫికేషన్ నిలబెట్టుకోవడానికి రెండేళ్లకు 100 సీఎంఈ క్రెడిట్లు కావాలి, కాబట్టి దానికి డబ్బుతోపాటు జీతంతో కూడిన రోజులు కూడా విడిగా ఇవ్వాలి. సీఎంఈ రోజులను మామూలు సెలవుల్లోంచి కోసేస్తే అవి ఇచ్చినట్టే కాదు.

ఫెడరల్ స్టూడెంట్ లోన్ పెద్ద మొత్తంలో ఉన్నవాళ్లకు పబ్లిక్ సర్వీస్ లోన్ ఫర్‌గివ్‌నెస్ చాలా విలువైనది. ప్రభుత్వ సంస్థలోనో 501(సి)(3) లాభాపేక్ష లేని సంస్థలోనో ఫుల్ టైమ్ చేస్తూ, అర్హత ఉన్న పద్ధతిలో 120 వాయిదాలు కడితే మిగతా అప్పు మాఫీ అవుతుంది. ఇక్కడ చాలామంది దెబ్బతింటారు. హాస్పిటల్ నాన్-ప్రాఫిట్ అయినా, మీకు జీతం ఇచ్చేది అక్కడి ఎమర్జెన్సీ విభాగాన్ని నడిపే లాభాపేక్ష గల స్టాఫింగ్ గ్రూప్ అయితే సాధారణంగా లెక్కలోకి రాదు. డబ్ల్యూ-2 మీద ఏ సంస్థ పేరు, ఏ ఈఐఎన్ (యాజమాన్యపు పన్ను గుర్తింపు నంబరు) ఉంటుందో హెచ్ఆర్‌ను అడిగి, ఫెడరల్ స్టూడెంట్ ఎయిడ్ వెబ్‌సైట్‌లోని ఎంప్లాయర్ సెర్చ్‌లో వెతికి చూసుకోండి.

ఎనిమిదో అడుగు: అడగడం

కొత్తవాళ్లం, మనకు బేరమాడే హక్కు ఎక్కడిదని అనుకుంటారు. ఆఫర్ ఇచ్చారంటే వాళ్లకు మీరు కావాలి. మర్యాదగా అడిగినందుకు ఆఫర్ వెనక్కి తీసుకున్న సందర్భం నా చుట్టుపక్కల నేను చూడలేదు.

అడగాల్సినవి మూడుకు కుదించుకోండి. నా వరస ఇది: రాంప్-అప్ షెడ్యూల్ రాతపూర్వకంగా, టెయిల్ కవరేజీ, ఆ తర్వాత జీతం. మొదటి రెంటికీ యాజమాన్యానికి వెంటనే ఖర్చేమీ లేదు, ఒప్పుకునే అవకాశం ఎక్కువ. పెద్ద హాస్పిటల్ సిస్టమ్‌లలో జీతం స్కేల్ ప్రకారం ఉంటుంది, కదలదు. అలాంటిచోట సీఎంఈ డబ్బు, పేషెంట్లు లేని అడ్మిన్ పూట, చేరే తేదీ లాంటివి కదులుతాయి. మెయిల్‌లో ఈ అర్థం వచ్చేలా రాయండి: "మీ టీమ్‌తో పనిచేయాలని నాకు నిజంగా ఉంది. ఇంటర్వ్యూలో డాక్టర్‌గారు చెప్పిన మొదటి ఆరు నెలల షెడ్యూల్‌ను కాంట్రాక్టుకు అనుబంధంగా చేర్చగలరా? అలాగే టెయిల్ కవరేజీ ఎవరు కడతారో స్పష్టంగా రాస్తే నేను ఈ వారంలోనే సంతకం చేయగలను." బతిమాలడం లేదు, బెదిరించడం లేదు. చివరి వాక్యం వాళ్ల పని సులువు చేస్తుంది.

"అలా రాయడం మా పాలసీ కాదు, కానీ తప్పకుండా చేస్తాం" అని జవాబొస్తే, కనీసం ఆ మాటను మెయిల్‌లో పెట్టించుకోండి. అయితే "ఈ ఒప్పందంలో లేని ఏ హామీ చెల్లదు" అనే క్లాజు చాలా కాంట్రాక్టుల చివర్లో ఉంటుంది. అది ఉంటే మెయిల్ కూడా పెద్దగా నిలబడదు, కాంట్రాక్టులోకి ఎక్కించాల్సిందే. నాన్-కంపీట్, టెయిల్, బోనస్ వాపసు క్లాజుల్లో ఏది అర్థం కాకపోయినా, మీ రాష్ట్రంలో వైద్య ఉద్యోగ ఒప్పందాలు చూసే లాయర్‌కు కొన్ని వందల డాలర్లిచ్చి చదివించండి.

సంతకాలయ్యాక రెండు పక్షాలూ సంతకం చేసిన కాపీ, ఇన్సూరెన్స్ సర్టిఫికెట్, హామీలిచ్చిన మెయిళ్లు అన్నీ ఒక ఫోల్డర్‌లో వేసి మీ సొంత మెయిల్ ఖాతాలో దాచుకోండి. ఆఫీసు మెయిల్‌లో ఉంచకండి. ఉద్యోగం వదిలిన రోజు సాయంత్రానికే ఆ ఖాతా మూసేస్తారు, ఆ కాగితాల అవసరం మాత్రం ఆ తర్వాతే వస్తుంది.